పేరున్న ఫ్యాను

మా ఊరి హైస్కూలుకు రికార్డుల్లో ఉన్న గేటు ఒకటే. రెండోది పిల్లలు పెట్టుకున్నారు. వెనక ప్రహరీలో, వంటషెడ్డు పక్కన, తొమ్మిదో తరగతి కుర్రాడు పుస్తకాల సంచీతో సహా దూరేంత సందు. ప్రతి వేసవిలో సిమెంటు పెట్టి పూడుస్తారు. బడి తెరిచిన వారానికి అదీ తెరుచుకుంటుంది.

అసలు గేటు మీద ఆర్చి ఉంది. దానిమీద బడి పేరు కన్నా, ఆర్చి కట్టించినాయన తండ్రిగారి పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది. 1959లో పంచాయతీరాజ్ వచ్చి జిల్లా బోర్డులు పోయి జిల్లా పరిషత్తులు వచ్చినా, ఊళ్లో ఎనభై దాటినవాళ్లకు ఇది ఇంకా బోర్డు హైస్కూలే.

లోపలికి రాగానే హెడ్మాస్టరు గది. ఆ గది కిటికీలోంచి జెండా దిమ్మ, కుళాయిలు, ఆరో తరగతి కనిపిస్తాయి. పదో తరగతి కనిపించదు. మా బళ్లో ఆరో తరగతి వాళ్లంత బుద్ధిమంతులు ఇంకెవరూ ఉండరు.

ఇక తరగతి గదులు. బెంచీ మీద ఒక బ్యాచి పేరు, బీరువా మీద ఇంకో బ్యాచి పేరు. సీలింగు ఫ్యానుకైతే మూడు రెక్కల మీదా రాశారు: మొదటి రెక్క మీద దాత పేరు, రెండో దాని మీద ఆయన ఊరు, మూడో దాని మీద ‘వారి జ్ఞాపకార్థం’. ఫ్యాను తిరిగితే ఇవేవీ కనబడవు. అందుకే కాబోలు, అది తిరగదు. లెక్కల పీరియడులో తల పైకెత్తి ఆలోచించే ప్రతి పిల్లవాడికీ ఆ వంశవృక్షం కంఠతా వచ్చు. ఎక్కాల సంగతి అడక్కండి.

పొద్దున అసెంబ్లీలో పిల్లలు చెయ్యి చాచి ప్రతిజ్ఞ చెబుతారు. దాన్ని 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు రాశారు. నల్లగొండ జిల్లా అన్నెపర్తి ఆయన సొంతూరు. అప్పట్లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. దేశమంతా పిల్లలు ఏ భాషకా భాషలో చెప్పే మాటలవి. చాలా ఏళ్లపాటు పాఠ్యపుస్తకాల్లో ప్రతిజ్ఞ ఉండేది గాని, కింద ఆయన పేరుండేది కాదు. పాపం, ఒక ఫ్యాను ఇచ్చి ఉండాల్సింది.

వేపచెట్టుకు వేలాడే రైలు పట్టా ముక్కే మా గంట. దాతలిచ్చిన కరెంటు గంట కూడా ఉంది, పేరుతో సహా. అది కరెంటున్నప్పుడు మోగుతుంది. పట్టా ముక్క అటెండరు గారికి ఆకలేసినప్పుడు మోగుతుంది. రెండోదే నమ్మకం. చుట్టుపక్కల ఇళ్లవాళ్లు గోడగడియారాలు దానితోనే సరిచేసుకుంటారు. ఆయన పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. పిల్లలకు ఆయన ‘గంట బాబాయి’.

మధ్యాహ్న భోజనానికి మాత్రం పేర్ల కొరత లేదు. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది: మొన్నటిదాకా గోరుముద్ద, ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు. మా బళ్లో సాంబారు మాత్రం ఏ పార్టీకీ లొంగకుండా అలాగే పల్చగా ఉంది. గుడ్డు ఉన్న రోజు వెనక సందులోంచి ఒక్కడూ పారిపోడు, బయటున్నవాళ్లే లోపలికొస్తారు.

వచ్చే సంక్రాంతి సమ్మేళనానికి రాబోయే పూర్వ విద్యార్థులకు ఒక మనవి. ఫ్యాన్లు చాలు. కుళాయిలకు వాషర్లు కావాలి, ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గొళ్లెం కావాలి. వాటిమీద పేరు రాయడానికి చోటుండదు, ముందే చెబుతున్నాను.