అర్జీరావుగారు

విశాఖపట్నమున మద్దిలపాలెములో బస్సు డిపోకు వెనుకనున్న సందులలో నొకదానియందు, పోర్టు ట్రస్టు డెస్పాచి సెక్షనులో ఆవకజావకల రిజిస్టరు వ్రాసి వ్రాసి విశ్రాంతి పొందిన యొక పెద్దమనిషి కాపురముండును. తల్లిదండ్రులు పెట్టిన పేరు పింఛను పుస్తకమునందు భద్రముగా నున్నది. వీధివారు మాత్ర మాయనను అర్జీరావుగారందురు. ఈ బిరుదు ఆయనకు తెలియును. తెలిసియు కోపింపరు. కోపము నోటితో ప్రకటింపవలసిన వస్తువు గనుకను, నోటిమాటకు రశీదు లేదు గనుకను, అది ఆయనకు సరిపడదు. పాలవాడొకనాడు నాగా పెట్టినచో మనము విసుగుకొని ఊరకుందుము. ఆయన సంజాయిషీ కోరుచు కాగితము వ్రాసి, పాలవానిచేతనే దానిమీద 'ముట్టినది' అని వ్రాయించుకొందురు.

ఇట్టి మహానుభావుని డాబామీదికి పొరుగు మామ్మగారి పెరటి వేపచెట్టు కొమ్మ యొకటి వాలినది. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను నగరమును చుట్టుముట్టి, విశ్వవిద్యాలయ ప్రాంగణములోని మహావృక్షములను సైతము వేళ్లతో పెల్లగించి పారవేసిన నాడు, ఏ పుణ్యముననో నిలిచిన చెట్టది; నాటినుండి తనకిక ఎదురులేదన్న ధీమాతో గోడ దాటి పెరుగజొచ్చెను. ఆకు రాలి తూము పూడుకొనును. కాకులు చేరి ఆరవేసిన వడియములను పరామర్శించును. ఇల్లాలు ఒక మాఘమాసపు ఉదయమున "ఆ కొమ్మ కొట్టించండి" అనెను. అర్జీరావుగారు లేచి కలము వెదకికొనిరి.

ఆయన పట్టుదలకు ఆధారము లేకపోలేదు. 2002లో వచ్చిన జల, భూమి, వృక్ష చట్టము, జనులు వాల్టా యని పిలుచునది, నీటిని, నేలను కాపాడినట్లే చెట్టును కూడ కాపాడుచున్నది; నియమితాధికారి యనుమతి లేనిదే మన దొడ్డిలోని చెట్టునైనను మనము నరుకరాదు. చెట్టునకే యనుమతి కావలసినప్పుడు కొమ్మకేల అక్కరలేదని ఆయన పూర్వపక్షము. వీధిలోని వకీలుగారు నవ్వి, 1894లోనే లండనులో ప్రభువుల సభ లెమన్, వెబ్ అనువారి వ్యాజ్యమున, పొరుగువాని నేలపై అడుగిడకుండ తన హద్దులోనికి వచ్చిన కొమ్మను ఎవడైనను ముందుగా చెప్పకయే నరుకుకొనవచ్చునని తీర్పు చెప్పినదని విశదీకరించిరి. అర్జీరావుగారు సాంతము విని, "ఆ తీర్పు నాకు తపాలాలో రాలేదు కదండీ" అనిరి.

కలెక్టరు కచేరీలో సోమవారమునాడు అర్జీలు పుచ్చుకొందురు. ఆ కార్యక్రమము 2019లో స్పందన యయ్యెను, 2024లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక యయ్యెను. పేర్లు మారినవి గాని సోమవారము మారలేదు, వరుసలో అర్జీరావుగారి స్థానమును మారలేదు. ఒకరు ఇది వృక్షసంబంధమైన విషయమనిరి, వేరొకరు గోడసంబంధమైనదనిరి, ఇంకొకరు మిక్కిలి మర్యాదగా, చెట్టు ఎవరిదో వారే అర్జీ పెట్టుకొనవలెనని చెప్పి పంపిరి. మరియొకడైనచో నిస్పృహ చెందును. ఆయన ప్రతి తిరస్కారమునందును ఒక క్రొత్త నంబరు నెఱిగి, చిన్నపిల్లవాడు గోళీలను జేబులో వేసికొన్నట్లు వేసికొని ఇంటికి వచ్చెడివారు.

నిజమునకు ఆ మూడవ సమాధానమే ఆయనను ఇబ్బందిలో పెట్టినది. అంతవరకును మామ్మగారితో ఆయన మాటాడలేదు. పగ యేమియు లేదు. ఆమెతో మాటాడవలసిన అవసరమున్నదని ఏ కాగితమును చెప్పియుండలేదు. ఇప్పుడు కాగితము చెప్పినది గనుక ఇస్త్రీచొక్కా తొడుగుకొని వెళ్లిరి. మద్దిలపాలెము నగరములో కలియక, ఊరుగా నున్ననాటి మనిషి ఆమె.

"కొట్టించీ బాబూ. నానేటైనా అడ్డొచ్చినానేటి? కత్తి కావాలంటే మా ఇంట్లోనే ఉంది, అట్టుకెల్లు."

"కత్తి కాదమ్మా, సంతకం కావాలి."

"సంతకం ఎక్కడిది నాయనా, ఏలిముద్రెయ్యమంటే ఏస్తాను. అయినా కొమ్మ నీ మేడమీదకొచ్చింది గానీ కలెక్టరు మేడమీదకొచ్చిందేటి?"

ఈ ప్రశ్నకు ఆయనయొద్ద నేటికిని సమాధానము లేదని నా యభిప్రాయము. కాని వేలిముద్ర పడినది. దానికి సాక్షి సంతకములు కావలసెను. సాక్షులకు గుర్తింపు కార్డులు కావలసెను. తుదకొకనాడు ఒక యుద్యోగి స్థలపరిశీలనకై వచ్చి, కొమ్మవంక చూచి, మజ్జిగ త్రాగి, నివేదిక పంపెదనని సెలవు తీసికొనెను. ఆ సాయంకాలము అర్జీరావుగారి ముఖమున కనబడిన తేజస్సు మనుమడు పుట్టిననాడు సైతము కనబడలేదని ఇల్లాలి సాక్ష్యము.

వానలకు ముందు తీగెలకు తగులు కొమ్మలను తీసివేయుటకై విద్యుచ్ఛాఖవారు నిచ్చెనతో వచ్చి, మామ్మగారిచ్చిన ఆ కత్తితోడనే, ఆయన పింఛనుకై బ్యాంకునకు వెళ్లి వచ్చులోపల పని ముగించి పోయిరి. ఇల్లాలు డాబా కడిగి వడియములు పెట్టెను. ఆయన మాత్రము, ఎవరి యనుమతితో కొట్టిరని అడుగవలెనా, తన ఫైలు ఇక నేమగునని అడుగవలెనా తేల్చుకొనలేక రెండు దినములు అన్నము సరిగా తినలేదు.

మరుసటి సోమవారము కచేరీలో ఆయన యథాస్థానమున నిలిచియుండిరి. వెనుక నిలిచిన కుర్రవాడెవడో పొరుగింటి మునగచెట్టు తమ గోడమీదికి ఒరిగినదనియు, మునగకును అనుమతి కావలెనా యనియు బెరుకుగా నడిగెను. అర్జీరావుగారు వెనుకకు తిరిగి, కండ్లజోడు తుడుచుకొని, సంచిలోనుండి తెల్లకాగితము తీసి వాని చేతిలో పెట్టిరి.

"కావాలో అక్కర్లేదో తరవాత సంగతి నాయనా. ముందు ఆ మాటే అడుగుతూ ఒక అర్జీ రాయి. మార్జిను వదిలిపెట్టు."