పందికి అన్ని సెక్షన్లూ తెలుసు

టెక్సస్‌లో జింకను కాల్చాలంటే లైసెన్సు ఉండాలి, సీజన్ రావాలి, కాల్చాక లైసెన్సు నుంచి చీటీ చించి తేదీ దగ్గర కత్తిరించి కళేబరానికి తగిలించాలి. కొన్ని కౌంటీల్లో మగ జింక కొమ్ముల లోపలి వెడల్పు 13 అంగుళాలు ఉందో లేదో కూడా చూసుకోవాలి. అదీ కాల్చకముందే. టేపు పట్టుకుని వెళ్లి "కాస్త తల నిలుపు నాయనా" అనే వీలు లేదు గనుక, అది చెవులు నిక్కబొడిచినప్పుడు వాటి కొసల మధ్య దూరాన్ని కొలతగా పెట్టుకొమ్మని వన్యప్రాణి శాఖే ఉపాయం చెప్పింది.

అడవిపంది దగ్గరికి వచ్చేసరికి ఈ మర్యాదలన్నీ గాలికి పోతాయి. సీజన్ లేదు, లెక్క లేదు, పగలూ రాత్రీ తేడా లేదు. యజమాని సరేనంటే చాలు, ప్రైవేటు భూమిలో 2019 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. డబ్బు కట్టిన వేటగాళ్లు హెలికాప్టర్‌లోంచి కాల్చుకోవచ్చని 2011లోనే చట్టం చేశారు. ఆ మోతకు పందులు చెల్లాచెదురవుతున్నాయని 2017లో వేడిగాలి బెలూన్‌కూ అనుమతి ఇచ్చారు. గాలి ఎటు తోస్తే అటు పోయే బుట్టలో నిలబడి, బుద్ధి ఎటు పుడితే అటు పరిగెత్తే పందికి గురిపెట్టడమన్నమాట. ఆ ఆలోచన వచ్చిన శాసనసభ్యుడికి ఓ దండం.

ఈ సంగతి ఫోన్‌లో మా చిన్నాయనకు చెప్పాను. కామారెడ్డి దగ్గర ఆయనకు మక్కచేను ఉంది. అంటే, పందులు తినగా మిగిలింది ఉంది.

"పందిని సంపనీకి హెలికాప్టరా? మొన్న మా దిక్కు మంత్రి వచ్చిండు హెలికాప్టర్ల. పందికి గంత ఇజ్జతా మీ దేశంల?"

"సర్కారు పంపదు చిన్నాయనా. ఎక్కేటోళ్లే పైసలు కట్టుకోవాలె. వేల డాలర్లు."

అటువైపు కాసేపు ఉలుకూ పలుకూ లేదు. "అంటే, పందిని సంపినోనికి పైసలియ్యరు, సంపెటోడే ఎదురిస్తడా? అసొంటోళ్లు ఎవలన్న ఉంటే ఇటు తోలురా. చేను సూపిస్త. అన్నం గూడ పెడ్త."

ఆఫీసులో నా పక్క సీటాయనకు ఊరి బయట రాంచ్ ఉంది. రమ్మన్నాడు. పందికి లైసెన్సు అక్కర్లేదు గదా అని బయల్దేరబోతుంటే మరో చట్టం అడ్డొచ్చింది. టెక్సస్ దృష్టిలో పందిని కాల్చడానికి లైసెన్సు అవసరం లేదు. కానీ నాలాగా హెచ్-1బి వీసా మీద ఉన్నవాడు తుపాకీ ముట్టుకోవడానికే కేంద్ర చట్టం ఒప్పుకోదు, వేట లైసెన్సు ఉంటే తప్ప. అంటే పంది తరఫున మినహాయింపు ఉంది, నా తరఫున లేదు. వీసా కాగితాల్లేకుండా తిరుగుతున్న దానికి లేని పేచీ, మూడేళ్లకోసారి స్టాంపింగ్ భయంతో చచ్చే నాకు!

సరే, లైసెన్సు తీసుకుందామంటే 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేట పాఠాలు చదివి పరీక్ష పాసవ్వాలట. ఆ లెక్కన అంతకు ఒక్కరోజు ముందు పుట్టినవాడు తల్లి కడుపులోనే నేర్చుకుని వచ్చాడని ప్రభుత్వం నమ్మకం. ఆన్‌లైన్లో కూర్చుని చదివాను. గుండు పెట్టిన తుపాకీతో కంచె దాటకూడదు, చెట్టు మీది మంచెకు ఎక్కేటప్పుడు ఒంటికి పట్టీలు బిగించుకోవాలి. మా తాత జీవితమంతా మంచె మీదే పడుకుని, దిగేటప్పుడు మాత్రం తువ్వాల సర్దుకునేవాడు. ఆయన ఈ పరీక్ష తప్పేవాడు. నేను పాసయ్యాను. పాసై, లైసెన్సు అక్కర్లేని జంతువు కోసం లైసెన్సు కొన్నాను.

రాంచ్‌లో నాకు తుపాకీ కన్నా మక్కలు ఎక్కువ నొప్పి కలిగించాయి. మూడు కాళ్ల మీద నిలబెట్టిన పీపా, దాని అడుగున గడియారం పెట్టిన చిన్న చక్రం. టైము కాగానే చక్రం గిర్రున తిరిగి మక్కగింజలు చుట్టూ చల్లింది. అది చాలదన్నట్టు మా పక్క సీటాయన ఇంకో బకెట్ మూత తీశాడు. మక్కల్లో బీరు, స్ట్రాబెర్రీ జెల్లీ పొడి కలిపి రోజుల తరబడి పులియబెట్టాడట. ఆ వాసనకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. పందులకు ప్రాణమట. ఎకరానికి ఇన్ని బస్తాలని లెక్కపెట్టుకునే ఇంట్లో పుట్టినవాణ్ని. డబ్బు పెట్టి బస్తాలు కొని, బీరుతో కలిపి, పందిని పిలిచి పెట్టే మనిషి పక్కన కూర్చోవడం అంత తేలికేమీ కాదు.

చీకటి పడ్డాక థర్మల్ స్కోప్‌లో చూస్తే పందులు తెల్లగా వెలిగాయి. ముందు పెద్ద ఆడపంది, వెనక ఈడొచ్చినవి, వాటి కాళ్ల మధ్య పిల్లలు. పెద్దది చెట్ల అంచున ఆగి గాలి పీల్చింది. పిల్లలు ఆగలేదు. పక్క సీటాయన కాల్చాడు. ఒకటి పడింది. ఆ చప్పుడు చెవుల్లోంచి పోకముందే మిగతా మంద మాయమైంది. "ఎటు పోయాయి?" అంటే, పక్కవాడి గోధుమ చేలోకి అని తాపీగా చెప్పాడు. పక్కవాడు కాలిస్తే మళ్లీ ఇటే వస్తాయట. ఇరుగు పొరుగు సఖ్యత!

నిజానికి ఈ గొడవ వేటతో తీరేది కాదని వేరే రాష్ట్రాలు చేతులు కాల్చుకుని తెలుసుకున్నాయి. అమెరికాకు పందులు స్థానికులు కావు. 1539లో ఫ్లోరిడాలో దిగిన స్పెయిన్ దండనాయకుడు హెర్నాండో డి సోటో ఆహారం కోసం వెంట తోలుకొచ్చాడు. 1912లో ఉత్తర కరోలినా కొండల్లో ఒక వేట సరదా తోట కోసం ఐరోపా అడవిపందుల్ని దింపారు. కంచె వాటికి ఆనలేదు. ఇక టెనెసీ కథ వినాలి. 1999లో ఏడాది పొడవునా, ఎన్నైనా కాల్చుకోండని తలుపులు బార్లా తెరిచారు. పందులు తగ్గాలి కదా? పెరిగాయి. తలుపులు తెరిచిన నాడు కొద్ది కౌంటీల్లో ఉన్నవి కొత్త కొత్త కౌంటీల్లో తేలాయి. కాళ్లతో నడిచి కాదు, పికప్ ట్రక్కుల్లో. వేట మరిగినవాళ్లు తమ ఊళ్లోనూ ఆ వైభవం ఉండాలని రాత్రిపూట తెచ్చి వదిలారు. 2011లో ఆ రాష్ట్రం నాలుక కరుచుకుని సరదా వేటనే నిషేధించింది. మిస్సోరీ కూడా 2016లో తన సంరక్షణ భూముల్లో పందివేట ఆపేసింది. కనిపిస్తే కాల్చకండి, మాకు చెప్పండి అంటుంది. ఒక్కదాన్ని కాలిస్తే తక్కినవి తెలివిమీరి పది దిక్కులకు పోతాయి, బోను దగ్గరికి రావు. మందకు మందనే ఒకేసారి బోనులో వేయాలి.

నా మటుకు నాకు మిస్సోరీ మాటే సబబనిపిస్తుంది. కానీ టెక్సస్‌లో ఈ మాట పైకి అనను. ఇక్కడ పంది తెగులూ అదే, పండగా అదే. హెలికాప్టర్ కంపెనీకి పందులు నిజంగా అయిపోతే మర్నాడు ఏం ఎగరేస్తుంది?

మన చట్టం ఇంకో రకం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిపంది మూడో షెడ్యూల్లో ఉండేది. 2022 సవరణ తర్వాత రెండో షెడ్యూలుకు ఎక్కింది. టెన్త్ తప్పకుండా ఇంటర్‌కు పోయినట్టు. నిలబడ్డ పంటను పాడుచేస్తే చంపడానికి ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చినవారు గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. అర్జీ కదిలేలోపు మక్క కంకి ఆగదు. పైగా అలా చంపిన పంది ప్రభుత్వ ఆస్తి. బతికున్నంత కాలం అది చేసిన నష్టం చిన్నాయనది, చచ్చిన మరుక్షణం పంది సర్కారుది.

అందుకే ఆయన చేను చుట్టూ పాత చీరలు కట్టాడు. అవి పని చేయకపోతే చిప్ ఉన్న బ్యాటరీ మైకు కొన్నాడు. తన గొంతుతోనే "హో... హోయ్" అని రికార్డు చేశాడు. చేస్తుంటే పక్కన ఎవరో కూర్చున్నట్టున్నారు. తెల్లవార్లూ చేనంతా "హో... హోయ్... అరే, గా బీడీ ఇటియ్యి... హోయ్" అని మారుమోగుతుంది. మొదట్లో పందులు బెదిరాయి. ఇప్పుడు బీడీ దగ్గర తలెత్తి, మళ్లీ మేతలో పడుతున్నాయట.

కెమెరాలో చూసి ఫోన్‌లో బటన్ నొక్కితే మంద మొత్తం మీద తలుపు పడే బోను ఇక్కడ దొరుకుతుందని మొన్న చెప్పాను.

"గది మంచిగుంది. పంపియ్యి."

"ఆగు చిన్నాయనా. మన చట్టంల సంపుడే కాదు, బోను పెట్టుడు గూడ వేటే అని రాసిండ్రు. ఎర పెట్టుడు, తరుముడు గూడ అండ్లనే ఉన్నయి."

"తరుముడు గూడనా? అంటే నేను హో అన్నా కేసేనా?"

"అక్షరం పట్టుకుని చదివితే అంతే."

ఆయన ఆలోచించాడు. మా చిన్నాయన ఆలోచిస్తే ఫోన్‌లో కూడా వినిపిస్తుంది, గొంతు సవరించుకుంటాడు.

"నేనేడ అన్న? నేను ఇంట్ల పండుకున్న. అన్నది మైకు. పట్టుకపొమ్మను దాన్ని."