ఇట్రా బిడ్డా: టీకా తాత్పర్య సహితం

మూలం:
టైగర్! ఇట్రా! ఇట్రా అంటున్ననా లేదా? రా బిడ్డా, ఇయ్యాల నీ సంగతి చెప్త!

అవతారిక. ఇది సింగరేణి బొగ్గుబాయిల గోలేటి టౌన్‌షిప్‌లో, మా క్వార్టర్‌కు ఆనుకొని ఉన్న క్వార్టర్ వాకిట్లో, తెల్లవారి ఆరు గంటలకు వెలువడిన వాక్యం. వక్త రిటైరైన ఓవర్‌మెన్. శ్రోత టైగర్ అనే ఊరకుక్క. ఒక చెవి నిలువు, ఒక చెవి వాలు. సందర్భం బూటు. అది మామూలు బూటు కాదు, ఆయన ఆఖరి షిఫ్టుకు తొడుక్కొని బాయి దిగిన జోడులో ఎడమది. రాత్రికి రాత్రి తోలంతా పోయి ముందరి ఇనుప టోపీ, లేసు కన్నాలు రెండూ మిగిలాయి.

మెదకు సీమలో కొలిచెలమ వాడైన మల్లినాథ సూరి, మూలంలో లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఒట్టు పెట్టుకొని వ్యాఖ్యానాలు చేశాడు. ఆయనకు కాళిదాసు దొరికాడు కనుక ఒట్టు నిలిచింది. నాకు దొరికింది పక్కింటి గోడ మీదుగా వినిపించే కేక.

ప్రతిపదార్థం. టైగర్ = పులి అని పేరుగల ఓ కుక్కా! కాగజ్‌నగర్ అడవుల్లో నిజం పులులు తిరిగే జిల్లాలో ఈ పేరు పెట్టడం సాహసమే. ఇక్కడ పాఠాంతరాలున్నాయి. తాత ‘టైగర్’ అంటాడు. బాపమ్మ ‘టైగర్‌గా’ అంటుంది. మనుమరాలిది ‘టైగూ’ పాఠం. టైగర్ మాత్రం గిన్నె చప్పుడు పాఠాన్నే ప్రామాణికంగా స్వీకరించింది. పిలుపుకు ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలన్నది కుక్కల శిక్షణలో కర్ర పట్టినవాడూ రొట్టె పట్టినవాడూ కొట్లాడకుండా ఒప్పుకునే సూత్రం. ఈ ఇంట్లో దాన్ని ఎవరూ ఒప్పుకోలేదు.

ఇట్రా = ఇటు రమ్ము. రెండోసారి ‘ఇట్రా’ = పునరుక్తి దోషం. కావ్యంలో ఇది చెవికి గుచ్చుకుంటుందంతే. కుక్క దగ్గర ఇంకో చేటు తెస్తుంది. మొదటిసారికి కదలకపోయినా పరవాలేదని నేర్పుతుంది. అంటున్ననా లేదా = అనుచున్నానా, అనుట లేదా? ‘అంటున్నవు’ అని ఒప్పుకునే నోరు శ్రోతకు లేదు కనుక ఈ ప్రశ్న గాలిలోనే ఉండిపోయింది.

బిడ్డా = ఇక్కడ శ్లేష. మా దిక్కు ‘బిడ్డా’ అంటే కన్నబిడ్డ. పళ్లు బిగబట్టి అంటే వీపు పగిలే ముందరి హెచ్చరిక. ఏది ఏ ‘బిడ్డా’నో పసిపిల్లలకు కూడా గొంతును బట్టి తెలిసిపోతుంది. టైగర్‌కూ తెలిసింది. వేప చెట్టు కింద నడుము వంచి, చెవులు వెనక్కి పడేసి, తోక కాళ్ల నడుమ దాచుకొని, రెండడుగులు వేసి కూలబడింది.

నీ సంగతి చెప్త = నిన్ను కొట్టెదను. అన్వయం ఇక్కడే చెడింది. మీమాంసకుల లెక్కన విధి వాక్యానికి ఆశపెట్టే ఫలం ఒకటుండాలి. స్వర్గం కోరినవాడు యజ్ఞం చేయాలి. ఈ వాక్యాన్ని ఆ పద్ధతిలో విప్పితే ‘దెబ్బలు కోరువాడు ఇటు రావలెను’ అని తేలుతుంది. అంత వైరాగ్యం కుక్కకెక్కడిది?

పూర్వపక్షం. ఓవర్‌మెన్ గారి వాదం: “దాని ముఖం చూడుండ్రి సారూ, తప్పు చేసిన్నని దానికి తెల్వదా?” ఈ ముఖాన్ని 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు పరీక్షకు పెట్టింది. ఆ దోషి ముఖం తప్పు చేసిన కుక్కకూ చేయని కుక్కకూ ఒకేలా వచ్చింది. యజమాని తిట్టినప్పుడే ఎక్కువగా కనబడింది. అంటే టైగర్ చదువుతున్నది బూటు చరిత్ర కాదు, తాత కనుబొమలు.

దండవాదులకు పెద్ద గురుపరంపరే ఉంది. 1910లో జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ కుక్కల శిక్షణ గ్రంథం రాశాడు. 1962లో అమెరికాలో విలియం కోహ్లర్ రాశాడు. వీళ్లకు తోడు తోడేలు శాస్త్రం వచ్చింది. 1947లో షెంకెల్ బాసెల్ జంతుప్రదర్శనశాలలో తోడేళ్లు పెత్తనానికి కొట్లాడుకోవడం చూసి రాశాడు. ఇంట్లో యజమాని పెద్ద తోడేలులా ఉండాలన్న మాట అక్కడి నుంచి ఊరూరా పాకింది. సంబంధం లేని తోడేళ్లను ఒక దొడ్లో వేస్తే కొట్లాడక ఏం చేస్తాయి? పది ఊర్ల నుంచి వచ్చిన పదిమందిని ఒక్క గదిలో కుక్కి, వీళ్ల తన్నులాటే మనిషి సంసారమని రాసినట్టుంది. 1970 పుస్తకంలో ఆ మాటను తానూ మోసిన తోడేళ్ల పరిశోధకుడు డేవిడ్ మీచ్, 1999కల్లా అడవిలోని గుంపంటే తల్లి, తండ్రి, పిల్లలేనని సరిదిద్దుకున్నాడు. సవరణ మాత్రం మా గోడ దాకా రాలేదు.

ఉత్తరపక్షం. డిగ్రీ చదివే మనుమరాలు ఎత్తుకున్న యుక్తి ఏ శాస్త్రంలోనూ లేదు, బాయి నుంచే వచ్చింది. “తాతా, చార్జిషీటు ఇస్తే దాంట్ల తారీకు, షిఫ్టు, జాగ రాసి ఉంటయి గదా. నీ కట్టె మీద ఏం రాసి ఉన్నది?” తాత ఉలకలేదు. రాత్రి రెండింటికి బూటు నమిలిన కుక్క పొద్దున ఆరింటికి తాత పిలిస్తే వస్తుంది. వచ్చాక దెబ్బ పడుతుంది. దాని లెక్కలో నేరం బూటు కాదు, రావడం.

ప్రమాణం కావాలంటే భారతం ఆదిపర్వం ఉంది. జనమేజయుడు యాగం చేస్తుంటే సరమ అనే దేవలోకపు కుక్క కొడుకు అక్కడికి వచ్చాడు. రాజు తమ్ముళ్లు కొట్టి తరిమారు. తల్లి వచ్చి, నా కొడుకు హవిస్సు వైపు చూడలేదు, దాన్ని నాకలేదు, ఎందుకు కొట్టారని నిలదీసింది. సభలో జవాబు లేదు. అనుకోని భయం పట్టుకుంటుందని శపించి పోయింది. టైగర్ నిరపరాధి కాదు, నిజమే. కానీ ఎందుకన్న ప్రశ్న దానిదీ అదే.

“రొట్టె పెట్టి పిలిచుడు లంచం గాదా?” అని తాత మళ్లీ లేచాడు. “లంచం పనికి ముందు తీసుకుంటరు తాతా, జీతం పని అయినంక. నువ్వు తీసుకున్నది ఏంది?” ఈ దెబ్బకు ఆయన కట్టె గోడకు ఆనించాడు.

రోజూ రొట్టె పెట్టాలా అన్న శంకకు మనస్తత్వవేత్త స్కిన్నర్ సమాధానం చెప్పాడు. పని పట్టుబడ్డాక అప్పుడప్పుడు ఇస్తేనే అలవాటు గట్టిగా నిలుస్తుంది. లాభాల వాటా ఈసారి ఎంత శాతమో అని ఎదురుచూసే సింగరేణి కుటుంబాలకు దీన్ని వివరించనక్కరలేదు. కారెన్ ప్రయర్ 1960ల్లో హవాయిలో డాల్ఫిన్లతో పనిచేసి ఇదే దారి పట్టింది. నీళ్లలో ఈదే ప్రాణిని కట్టెతో ఎక్కడ అందుకుంటారు? సరిగ్గా ఎగిరిన క్షణాన విజిల్, వెంటనే చేప. పోలీసు జాగిలం మాదకద్రవ్యం వాసన పట్టినందుకు తీసుకునే కూలి కూడా చాలాచోట్ల ఒక రబ్బరు బంతే.

విశేషం. ఇక్కడికి సిద్ధాంతం మనుమరాలి పక్షాన తేలిందని రాసి టీకా ముగించబోయాను. వారం తిరక్కుండానే మూలం మారింది. టైగర్ ఒక బూటు నోట కరిచి గేటు దాకా పోతుంది. పిల్ల ‘టైగూ, రా’ అని జొన్నరొట్టె ముక్క చూపుతుంది. టైగర్ బూటు వదిలి పరుగున వచ్చి రొట్టె తింటుంది. మూడోనాటికి అది పాఠాన్ని తానే వెనక నుంచి చదువుకుంది: రొట్టె కావాలంటే పిలవాలి, పిలవాలంటే బూటెత్తుకు పోవాలి. పిల్ల రావడాన్ని నేర్పాననుకుంది. దొంగతనానికి జీతం కట్టింది. తాత ఇది గమనించి ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడంలో ముప్ఫై ఏళ్ల ఓవర్‌మెన్‌గిరీ ఉంది. తర్వాత ఇంట్లో చెప్పులన్నీ అటక మీదికి చేరాయి; అది తాత పని. పిల్ల బూటు ఊసు లేనప్పుడు కూడా ఉత్తినే పిలిచి రొట్టె పెట్టడం మొదలుపెట్టింది.

ఆ ఇంట్లో చెప్పులు అటకెక్కాయి కనుక టైగర్ గోడ దూకింది. ఆదివారం పొద్దున నా వాకిట్లో ఒక చెప్పే ఉంది. రెండోది వేప చెట్టు కింద, టైగర్ ముందరి కాళ్ల నడుమ. అప్పుడు నా నోటి నుంచి మూలం ఒక్క అక్షరం పొల్లు పోకుండా వచ్చింది, ‘బిడ్డా’తో సహా.

గోడ అవతల ఓవర్‌మెన్ గారు చాయ్ తాగుతున్నారు. “అట్ల పిలిస్తే రాదు సారూ,” అన్నారు, నావైపు చూడకుండానే. “ఇంట్ల రొట్టె ఉన్నదా?”