పిడి లేని గరిటె

పేపరు మడిచి నేరుగా వంటింట్లోకి వెళ్లాను. ఉదయగిరి కొయ్య గరిటె తీసుకుని రంపంతో పిడి కోసేశాను.

"ఇదేం పనండీ!" అంది మా ఆవిడ.

"మినిమం గవర్నమెంట్, మాగ్జిమం గవర్నెన్స్. ఢిల్లీలో చేసిందే మన బోగోల్లో చేస్తున్నా. తక్కువ గరిటె, ఎక్కువ వంట."

"చెయ్యి కాలదూ?"

"కాలేది వండేవాళ్ల చెయ్యి. కోసేవాళ్లది కాదుగా."

2020 జులై 27న అఖిల భారత చేనేత బోర్డు రద్దు. ఆగస్టు 3న హస్తకళల బోర్డు రద్దు. రెండింటికీ కారణం ఆ నినాదమే. రెండోది 1952 నాటిది, కమలాదేవి చటోపాధ్యాయ నడిపినది. చిట్‌ఫండ్ కంపెనీలు బోర్డు తిప్పేయడం బోలెడుసార్లు చూశాం, సర్కారే తిప్పేయడం అప్పుడే చూశాం. ఆ రెండూ ఉత్త సలహా బోర్డులేనట. నిజమే, చేపల పులుసులో గరిటె పెట్టం, కుండ పట్టుకుని తిప్పుతాం. ఢిల్లీ వాళ్లకు ప్రతి వంటా చేపల పులుసులాగే కనిపిస్తున్నట్టుంది.

ఇంకా ఎక్కువ పాలన కావాలంటే గిన్నె కూడా తీసేయొచ్చు. మా పక్కనే బిట్రగుంట స్టేషన్. తక్కువ రైళ్లు, ఎక్కువ ప్రయాణం ఎలా ఉంటుందో ఆ ఏడు కరోనా లాక్‌డౌన్‌లో, ఎండాకాలంలో హైవే మీద నడిచిపోయిన కూలీలు చూపించారు. అలాగే ఆ మార్చి నుంచి ఎగ్జిబిషన్లు ఆగిపోయాయి కాబట్టి, తక్కువ స్టాళ్లు, ఎక్కువ అమ్మకాలు. ఆన్‌లైన్లో అమ్ముకోండి అన్నారు. గరిటె కొనేవాళ్లను ఎప్పుడైనా గమనించారా? చేతిలో పట్టుకుని బరువు చూస్తారు. బొటనవేలితో అంచు రాస్తారు. ఉత్త గాలిలో ఓసారి కలుపుతారు. అప్పుడు గానీ పర్సు తీయరు. ఫోను మీద బొటనవేలు రాస్తే వచ్చేది తర్వాతి బొమ్మ.

ఇక గరిటె పక్కన పెడతా. ఉదయగిరిలో నర్ది, కల్ది, బిక్కి కొయ్యల్ని చెక్కి, ఆకురాయి పట్టేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఎగ్జిబిషన్లో స్టాల్ దొరికితే వస్తువుకు పూర్తి ధర, చేతికి నగదు. తర్వాతి విడత కొయ్య కొనేది ఆ నగదుతోనే. స్టాల్ లేకపోతే దళారి చెప్పిందే రేటు, లేదంటే సరుకు గోతంలోనే. వడ్డీకి మాత్రం లాక్‌డౌన్ లేదు. జబ్బు భయంతో ఎగ్జిబిషన్లు ఆపారు, ఒప్పుకుంటాం. ఆపినందుకు ఆ ఇళ్లలో ఎంత పోయిందో ఎవరు లెక్కగట్టారు? ఆ లెక్క అడగడానికి ఢిల్లీలో ఓ కుర్చీ ఉంటే, దాన్ని లాగేయడానికి ఇదే దొరికిందా సమయం? ఒక్క చేనేతలోనే 35 లక్షల మంది ఉన్నారు. వాళ్లకు తగ్గింది ప్రభుత్వం కాదయ్యా, కూడు!

ఆ మే నెలలోనే ప్రధాని 'వోకల్ ఫర్ లోకల్' అన్నారు. చేనేత బోర్డు పోయిన పదకొండో రోజున, ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం జరిపారు. శుభాకాంక్షలకు మాత్రం లోటు రాలేదు.