ఎదుటివాడి బ్రేకు

పెళ్లిళ్లలో భోజనాలయ్యాక మగవాళ్లు చేరే చోటు ఒకటుంటుంది. జనరేటర్‌కి కాస్త దూరంగా, కార్లు ఆపుకున్న ఖాళీ జాగాలో. నోట్లో కిళ్లీ, వేలికి గిరగిరా తిరిగే కారు తాళం. మొన్నామధ్య మా చుట్టాలింట్లో పెళ్లికెళ్తే అక్కడ వరసకు బావగారొకాయన దొరికారు. వయసు యాభై ఎనిమిది, గుండెలో రెండు స్టెంట్లు, పక్కన కొత్త ఎస్‌యూవీ.

"ఎల్బీనగర్‌లో ఆరింటికి కదిలా. సూర్యాపేటలో ఇడ్లీ తిని మరీ, తొమ్మిదింబావుకల్లా బెజవాడలో ఉన్నా," అన్నారు.

చుట్టూ ఉన్నవాళ్లు నోరు వెళ్లబెట్టారు. మనుషుల్లా వచ్చేవాళ్లకంటే నలభై నిమిషాలు ముందొచ్చారట. ఆ నలభై నిమిషాలూ ఏం చేశారా అని నేను ఆయన్నే కనిపెట్టుకుని ఉన్నాను. ముహూర్తం రాత్రికి. ఆయన లుంగీ కట్టుకుని పడుకున్నారు. లేచాక ఈ ప్రయాణం కథ నాలుగుసార్లు చెప్పారు, ఒక్కోసారి పావుగంట. అంటే మిగిల్చింది నలభై నిమిషాలు, ఖర్చు గంట. ఇరవై నిమిషాల నష్టంతో ఊరు చేరడానికి అంత స్పీడెందుకో నాకు అంతుబట్టలేదు.

కథ చివర ఆయన కిళ్లీ ఉమ్మేసి అసలు మాట వదిలారు: "ముప్పై అయిదేళ్ల నుంచి తోలుతున్నా. నా చేతిలో ఇంతవరకూ ఒక్క యాక్సిడెంట్ జరగలేదు."

ఈ మాట వినని తెలుగువాడు ఉండడు. పెళ్లిళ్లలో, టీకొట్ల దగ్గర, చివరికి యాక్సిడెంట్‌లో పోయినవాళ్ల పెద్దకర్మ భోజనాల దగ్గర కూడా వినిపిస్తుంది. నాకు తెలిసి ఈ దేశంలో బండి తోలే ప్రతివాడూ ఇదే అంటాడు. మరి 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చచ్చిపోయారని కేంద్ర ప్రభుత్వమే అచ్చేసింది. రోజుకు 460 మందికి పైమాటే. నూటికి 71 మంది చావుకు కారణం అతివేగమని, నూటికి 68 చావులు పల్లె ప్రాంతాల్లోవేనని అదే లెక్క. ఒక్క యాక్సిడెంటూ చెయ్యని మహానుభావులే అందరూ అయినప్పుడు వీళ్లందర్నీ చంపిందెవరు? ఆ మాట అబద్ధమని ఎలా తేలుతుంది? అబద్ధమైనవాడు పెళ్లికి రాడు. వాడి ఫొటో వాడింట్లో దండేసుకుని ఉంటుంది.

చెప్పేవి శ్రీరంగనీతులని నన్ననకండి. నేనూ ఆ ముఠాలోవాణ్నే. ఊహ తెలిసినప్పట్నుంచీ నాకు స్పీడంటే ప్రాణం. మా కృష్ణా జిల్లా పల్లెటూళ్లో నా చిన్నప్పుడు కారంటే డాక్టరుగారి ఫియట్టు, లేదా ఎలక్షన్లప్పుడొచ్చే అంబాసిడర్. అంబాసిడర్ డెబ్బై దాటితే నాలుగు తలుపులూ ఆంజనేయ దండకం ఎత్తుకునేవి. స్టీరింగు పావుచుట్టు తిప్పాక గానీ చక్రాలకు కబురు అందేది కాదు. ఆ కారు పుణ్యమా అని ఒక తరం బతికి బయటపడింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. మా ఊరికి చేరేసరికి ఇంకో మూడేళ్లు పట్టింది, అదీ రైసుమిల్లాయన కొంటే. 796 సీసీ. చప్పుడు లేకుండా పోతుంటే మా తాతయ్య "ఇంజను ఆపేసి తోస్తున్నార్రా?" అని అడిగాడు. నేను మాత్రం బడి ఎగ్గొట్టి మిల్లు గేటు దగ్గర కాపలా కాశాను, ఆ కారు గేరు మారేటప్పుడు ఎలా ముందుకు దూకుతుందో చూడ్డానికి.

ఆ తర్వాత మా బాబాయి యమహా ఆర్‌ఎక్స్ 100 కొన్నాడు. నా వయసు పదహారు. కొత్త పిల్లలకు ఆ బండి సంగతి ఎలా చెప్పను? 98 సీసీ టూస్ట్రోక్ ఇంజను, బండి బరువు తక్కువ, పికప్ ఎక్కువ. యాక్సిలేటర్ ఇచ్చామో లేదో ముందు చక్రం నేలనొదిలేది. వెనకాల ఆయిలు కాలిన నీలంపొగ. ఆ వాసన ఇప్పటికీ ఎక్కడైనా తగిలితే నాకు మల్లెపూల వాసనలా గుండె జల్లుమంటుంది. 1996లో తయారీ ఆగిపోయినా, 2018లో ఆ బండి పేరే పెట్టి సినిమా తీశారంటే తెలుగు కుర్రాళ్ల మనసులో దాని స్థానమేమిటో తెలుస్తుంది. మా ఇళ్లలో ఇలవేల్పు తర్వాత అదే.

మా ఊరి కాలవగట్టు రోడ్డు కంకర రోడ్డు. ఒకపక్క నిండుగా కాలవ, ఒకపక్క చేలు, మధ్యలో తుమ్మచెట్టు దగ్గర మలుపు. ఆ మలుపులో వంచి కొట్టడమే మా పరీక్ష. ఒక సాయంత్రం నేను అలా వంచి కొడుతుంటే ఎదురుగా సైకిలు మీద ఒక పెద్దాయన. వెనకాల గడ్డిమోపు, మోపులో గుచ్చిన కొడవలి. నేను కట్ కొట్టాను. కొట్టి పాతిక గజాలు పోయాక వెనక్కి చూశాను. సైకిలు కాలవగట్టున తిరగబడి ముందుచక్రం ఇంకా తిరుగుతూ ఉంది. గడ్డిమోపు నీళ్ల మీద తేలుతూ పోతోంది. పెద్దాయన మొలలోతు నీళ్లలో నిలబడి కాళ్లతో అడుగు తడుముతున్నాడు, కొడవలి కోసం.

ఆ కథ నేను ముప్పై ఏళ్లు చెప్పుకున్నాను. "వెంట్రుకవాసిలో తప్పించాన్రా!" ఎక్కడ చెప్పినా చప్పట్లే. తప్పించింది నేను కాదని, నా బండి గీత గీసినట్టు తన దారిన తాను పోయిందని, సైకిలుని కాలవలోకి తిప్పి నన్ను హంతకుడు కాకుండా కాపాడింది ఆ పెద్దాయనేనని ఒక్కడూ అనలేదు. నాకూ తట్టలేదు.

ఆ రాత్రి ఆయన మా ఇంటికొచ్చాడు. పితూరీ చెప్పడానికొచ్చాడనుకుని నేను ధాన్యం పురి వెనక దాక్కున్నాను. ఆయన వాకిట్లో నిలబడి మా అమ్మతో, "అబ్బాయికేం దెబ్బ తగల్లేదు గదమ్మా? గట్టు మీద మా స్పీడుగా పోయాడు, చూసిపోదామని వచ్చా," అన్నాడు. కాఫీ తాగి వెళ్లిపోయాడు. కొడవలి దొరికిందో లేదో మేం అడగలేదు. కొత్తదానికి డబ్బులూ ఇవ్వలేదు.

ఇప్పుడు కూర్చుని లెక్క తీస్తే, యాక్సిడెంట్ లేని నా రికార్డు మీద ఎందరి వేలిముద్రలున్నాయో! చప్టా దగ్గర బస్సును రోడ్డు దింపేసి నన్ను పోనిచ్చిన ఆర్టీసీ డ్రైవరు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం మీదుగా నేను జారుకుంటూ వస్తే పిల్లాణ్ని చంకనేసుకుని పక్కకు దూకిన కూలీ మనిషి. నందిగామ దాటాక పది చక్రాలూ కీచుమనేలా బ్రేకు తొక్కిన లారీవాడు. పగ్గం లాగి గేదెను ఆపిన కుర్రాడు. నా గొప్పతనమంతా ఎదుటివాళ్ల బ్రేకుల్లో ఉంది. బావగారి గొప్పతనమూ అక్కడే ఉంది. ఆయన తోలిన ముప్పై అయిదేళ్లూ ఈ దేశం ఆయన కోసం బ్రేకు వేస్తూనే ఉంది.

"నా బండి నా కంట్రోల్లో ఉంటుంది" అంటారు చూడండి, దాని సంగతీ చూద్దాం. గంటకు వంద అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. గేదె కళ్లబడి, అది గేదేనని బుర్రకెక్కి, కాలు బ్రేకు మీదికి రావడానికి సెకను, సెకనున్నర. ఈలోపే బండి 30, 40 మీటర్లు పోతుంది. తొక్కాక పొడి రోడ్డు మీద ఆగడానికి ఇంకో 50, 60. మొత్తం దగ్గర దగ్గర వంద మీటర్లు. మా ఊళ్లో అంత దూరంలో ఒక గుడి, రెండు కిళ్లీకొట్లు, బడి గేటు ఉంటాయి. అదే స్పీడు సగం చేస్తే బ్రేకు పట్టాక ఆగే దూరం పావువంతుకు పడిపోతుంది. వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ఇదంతా హైస్కూల్లో మాస్టారు చెప్పిన పాఠమే. ఆ రోజు మేం మిల్లు గేటు దగ్గరున్నాం.

కంట్రోలు తప్పిన రోజున మాత్రం మనవాళ్ల వ్యాకరణం మారిపోతుంది. యాక్సిడెంట్ కానన్నాళ్లూ వాక్యానికి కర్త "నేను". నేను తప్పించా, నేను కొట్టా, నేను లాగించా. అయిన రోజున కర్త గేదె. "గేదె అడ్డొచ్చింది." కర్త గేదె, క్రియ అడ్డురావడం, ఇక మిగిలింది కర్మ. దాన్ని ఇంటిల్లిపాదీ అనుభవిస్తారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తోలలేనివాడికి ఊళ్లో గేదెలన్నీ శత్రువులే.

భద్రత గురించి మనవాళ్లకు పట్టదని మాత్రం అనలేం. కొత్త కారు షోరూము గడప దాటేముందు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పడాల్సిందే. బంపరుకి నల్లతాడు, అద్దానికి పసుపు బొట్టు. బావగార్ని "బ్రేకు ఆయిలు ఎప్పుడు మార్పించారు?" అనడిగితే "దానికీ ఆయిలుంటుందా?" అన్నారు. దిష్టి నిమ్మకాయలు ఎప్పుడు మార్చారంటే తిథి, వారం, నక్షత్రంతో సహా చెప్పారు. సీటు బెల్టు వెనకనుంచి తిప్పి గుచ్చి, దాని మీద ఆనుక్కూర్చున్నారు. కారు గోల పెట్టకుండా ఉండటానికట.

ఇదంతా ఆయనతో పోయేదయితే పోనీ అనుకోవచ్చు. పక్కనే నిలబడ్డ మనవణ్ని ముందుకు తోసి, "వీడు తొమ్మిదో తరగతి. ఇందాక కారు రివర్సు తీసింది వీడే!" అన్నారు. పిల్లాడి కాళ్లు క్లచ్చికి అందడానికి సీటు చివరికి జారాలి. అది చూసి అమ్మమ్మ కూడా మురిసిపోయింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 199ఎ అని ఒక సెక్షను వచ్చి కూర్చుంది. మైనరు బండి తోలి నేరానికి పాల్పడితే సంరక్షకుడికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. ఏడాదిపాటు బండి రిజిస్ట్రేషను రద్దు. పిల్లాడికి పాతికేళ్లొచ్చేదాకా లైసెన్సు లేదు. ఈ సంగతి చెబితే బావగారు నా భుజం తట్టి, "మన ఊళ్లో ఎవడు పట్టుకుంటాడోయ్," అన్నారు. నిజమే. మన ఊళ్లో పట్టుకునేది కరెంటు స్తంభమే.

పట్టుకునేచోట మాత్రం ఏం జరిగింది? తెలంగాణలో 2022లో ఒకసారి, 2023 చివర్లో ఇంకోసారి పాత చలానాల మీద డిస్కౌంటు ప్రకటించారు, అచ్చం ఆషాఢమాసం చీరల కొట్టులా. బుద్ధిగా మొదటిరోజే కట్టినవాడు వెర్రివెంగళప్ప అయ్యాడు. 158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు మీద 2023లో వేగపరిమితి 100 నుంచి 120కి పెంచారు. బావగారి దృష్టిలో అది కనీస వేగం. కెమెరా ఉందని ఫోను చెప్పగానే కాలు తీస్తారు, దాటగానే తొక్కుతారు. కెమెరాకు ఇచ్చే మర్యాదలో పదోవంతు రోడ్డు దాటే ముసలమ్మకు ఇస్తే చాలు.

వేగాన్ని ప్రేమించడం తప్పని నేననను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ పందెం జరిగింది. 22 కార్లు. ప్రపంచంలో బాగా స్పీడుగా తోలడం తెలిసినవాళ్లు నడిపారు. వాళ్లకు మన బావగారికున్న ధైర్యం లేదు పాపం. తలకు హెల్మెట్టు, ఒంటికి నిప్పంటని బట్టలు, సీటుకు కట్టేసే బెల్టులు. రోడ్డుకు రెండు పక్కలా గోడలు, గోడల మీద వలలు, పక్కనే డాక్టర్లు. అందరూ ఒకే దిక్కుకు పోతారు, ఎదురొచ్చేవాడు ఉండడు, ధాన్యం ఆరబోసేవాడు అసలే ఉండడు. వేగమేమిటో తెలిసినవాడు దానికి అంత భయపడతాడు. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేసు ట్రాక్ ఉంది. అంత మోజుంటే అక్కడికెళ్లి తోలుకోవచ్చు. బావగారికి ఆ మాటా చెప్పాను. "అక్కడేముందోయ్, చూసేవాళ్లెవరూ ఉండరుగా," అన్నారు. ముప్పై అయిదేళ్లలో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అదే అనుకుంటా.

పోయిన నెల మా ఊరెళ్లాను. కాలవగట్టు రోడ్డు ఇప్పుడు నున్నటి తారు రోడ్డు. తుమ్మచెట్టు లేదు, మలుపు మాత్రం ఉంది. సాయంత్రం నలభైలో వస్తుంటే ముందు చప్పుడు వినిపించింది, సైలెన్సరు కోసేసిన బైకు చప్పుడు. ఆ తర్వాత కనిపించాడు. పదహారు, పదిహేడేళ్లుంటాయి. హెల్మెట్టు పెట్రోలు ట్యాంకు మీదుంది. మలుపులో వంచి కొడుతున్నాడు. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ వంపు చూసి ఒక్క క్షణం నా గుండె జల్లుమంది. అంతలో చేతులు వాటంతటవే స్టీరింగు ఎడమకు తిప్పేశాయి. బ్రేకు తొక్కాను. కారు మార్జినులోకి దిగి ఆగింది. కుర్రాడు రయ్యిన కట్ కొట్టి పోయాడు, పాతిక గజాలు పోయాక ఒకసారి వెనక్కి చూశాడు.

దిగి చూసుకున్నాను. ముందు టైరుకీ నీళ్లకీ మధ్య జానెడు మట్టి ఉంది.

ఈపాటికి వాడు టీకొట్టు చేరి చెబుతూ ఉంటాడు, ముసలోడి కారు ఎదురొస్తే వెంట్రుకవాసిలో తప్పించానని. ఇంకో ముప్పై అయిదేళ్లకు ఏదో పెళ్లిలో, జనరేటర్ పక్కన నిలబడి, తన చేతిలో ఒక్క యాక్సిడెంటూ జరగలేదంటాడు. అననివ్వండి. ఆ రికార్డులో జానెడు నాది.