ముఖం కనబడని పోర్ట్రెయిట్‌తో మొదలుపెట్టండి

చంద్రపూర్, బల్లార్షా వైపు ఆయిల్ రంగులు పట్టాలనుకునే మన తెలుగు పిల్లలకు నేను చెప్పేవన్నీ తలకిందుల సలహాలే. రవివర్మ లక్ష్మిని దించి, పోలిక కుదిరితే చెయ్యి తిరిగినట్టేనని ఊరంతా అంటుంది. ఆ మాట వినకండి.

ముఖం సరిగా కనబడని బొమ్మను ఎంచుకోండి. రెంబ్రాంట్ 1628 ప్రాంతంలో, ఇరవై దాటీ దాటని వయసులో వేసుకున్న చిన్న స్వీయచిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ఉంది. ఎత్తు 23 సెంటీమీటర్లు కూడా ఉండదు. కళ్లు నీడలో మునిగిపోయాయి. వెలుగంతా ఒక చెంప మీద, చెవి తమ్మె మీద, మెడ మీద. ముక్కు కొసన కాస్త. లక్ష్మి ముఖం దించేవాడు కనురెప్పలూ పెదాలూ గీస్తూ కూర్చుంటాడు, వాడికి గీత తప్ప మరేమీ కనబడదు. ఇక్కడ గీయడానికి కన్నే లేదు. వెలుగు ఎక్కడ ఆగిందో, నీడ ఎంత మెల్లగా మొదలైందో, అంతే మీ చేతిలో ఉన్నది. పోర్ట్రెయిట్‌కు ప్రాణం అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ బొమ్మ ప్రింటును తలకిందులుగా తగిలించండి. కన్ను, ముక్కు అనే పేర్లు గుర్తుకు రాకపోతేనే ఆకారాలు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి.

స్కిన్ టింట్ ట్యూబ్ కొనొద్దు. యెల్లో ఆకర్, బర్న్ట్ అంబర్, ఒక ఎరుపు, ఐవరీ బ్లాక్, టైటానియం వైట్ చాలు. అందులోనూ మొదట అంబర్, తెలుపులతోనే బొమ్మ మొత్తం నిలబెట్టండి. నీడలు పల్చగా ఉంచి, వెలుగు పడ్డ చోటే రంగు చిక్కగా పెట్టండి. ఇక జుట్టు. ఆ ఉంగరాల వెంట్రుకలను రెంబ్రాంట్ కుంచెతో వేయలేదు, తడి రంగులో కుంచె తోకతో గీకాడు. మీరూ గీకండి. రంగు తీసేస్తేనే అక్కడ జుట్టు వస్తుంది.

పొద్దు వాలేసరికి ముఖం మీది రంగును కత్తితో తీసేయండి. మర్నాడు మళ్లీ వేయండి. దాచుకోవాలన్న ఆశ ఉన్నంతకాలం చెయ్యి భయపడుతూనే ఉంటుంది.

మే ఎండలో బొమ్మను డాబా మీద ఆరబెట్టమంటారు. వద్దు. నూనె నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చి గట్టిపడుతుంది. పైగా చంద్రపూర్ థర్మల్ ప్లాంటు ఊరు, తడి రంగు మీద బూడిద వాలిందంటే వదలదు. గదిలోనే గోడ వైపు తిప్పి ఉంచండి. విదర్భలో వంటకు వాడే జవస్ (అవిసె) నూనె చవకే, కానీ అందులో జిగురుంటుంది, రంగు ఇంకా పసుపెక్కుతుంది. రంగుల కోసం శుద్ధి చేసిన అవిసె నూనే కొనండి.

గనుల దగ్గర పెరిగినవాళ్లు బొగ్గు కుప్ప తనంతట తాను వేడెక్కి రాజుకోవడం ఎరుగుదురు. అవిసె నూనె తుడిచిన గుడ్డలు కూడా ఉండ చుట్టి మూల పడేస్తే అలాగే అంటుకుంటాయి. వాటిని నీళ్లు పోసిన రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి. మిగతా సలహాలు మరిచినా ఇది మరవొద్దు.

కాపీ చేస్తే సొంతదనం పోతుందని భయపెట్టేవాళ్లుంటారు. కుర్ర రెంబ్రాంట్ తన చెంప మీది వెలుగును వెతుక్కుంటున్న రోజుల్లోనే, అప్పటికే పేరున్న, యాభై దాటిన చిత్రకారుడు రూబెన్స్ మాడ్రిడ్‌లో తనకు ముందుతరం చిత్రకారుడు తిషియన్ బొమ్మలను కాపీ చేస్తున్నాడు. రెంబ్రాంట్ కూడా పేరొచ్చాక, యాభై ఏళ్ల ప్రాయంలో, మొఘల్ చిత్రాలను ఇరవైకి పైగా కాగితాల మీద దించుకున్నాడు. వాటిలో షాజహాన్ ఉన్నాడు, జహంగీర్ ఉన్నాడు. మన వైపు పనితనం అంత దూరాన ఒక ముసలి చేతికి పాఠమైంది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది.

కాపీని పూర్తి చేయొద్దు. సగంలో ఉండగానే ఇంట్లో తాతనో అత్తనో కిటికీ పక్కన, చెంప ఒక్కటే వెలుగులో పడేలా కూర్చోబెట్టండి. వాళ్లకు నడుము నొప్పి పుట్టకముందే ముగించండి. చెయ్యి ఎక్కడ తడబడిందో చూసుకుని, ఆ ఒక్క చోటు కోసమే మళ్లీ రెంబ్రాంట్ దగ్గరికి వెళ్లండి.