మూడు పాంట్లకు ఒక గిన్నె

పసుపు పండు సీమలో పుట్టినవానికి సరకు పరీక్షించుట యెట్లో ప్రత్యేకముగా బోధింప నక్కరలేదు. నిజామాబాదు మార్కెటు యార్డులో ఖరీదుదారు కుప్ప ముందర గొంతుకూర్చుండి, ఒక కొమ్మును చేతికి దీసికొని పుటుక్కున విరిచి, ఆ విరిగిన సవ్వడిని చెవితోను లోపలి వన్నెను కంటితోను గ్రహించి, రైతు తొమ్మిది మాసముల చాకిరికి ఒక్క మాటతో వెల కట్టును. అయినను, మొన్న ఆర్మూరులో మా వాకిట మూట దించి నా పాత పాంట్లను పరీక్షించిన స్టీలు బోళ్ళామె యెదుట ఆ ఖరీదుదారు సైతము కొన్నాళ్ళు శిష్యరికము చేయదగినవాడే యని నాకు దోచినది. ఆమె నడుము పట్టీ మడత విప్పి లోపలి అరుగుదలను జూచెను. మోకాలి పట్టును ఎండకెత్తి అవతలి వేపచెట్టు కనబడుచున్నదో లేదో జూచెను. జిప్పును రెండు మారులు పైకి క్రిందికి లాగెను. తుదకు నాలుగు పాంట్లకు, రెండు చీరలకు, ఒక స్వెట్టరునకు కలిపి పాలు కాచుకొను గిన్నె యొక్కటి మాత్రమే యిత్తునని తీర్పు చెప్పెను. మా శ్రీమతి గిన్నెతో పాటు మూతయు గోరెను. అరగంట వాదము నడచిన పిమ్మట మూత వచ్చినది గాని, నాలుగింటిలో నొక పాంటు కూడ దానితో పాటు వెనుకకు వచ్చినది.

“గిది నడువది సార్, ఎవలూ తీస్కోరు,” అని ఆమె దానిని నా ఒడిలో బెట్టెను.

ఆ పాంటును మరునాడే ధర్మము చేయవలెనని నేను సంకల్పించితిని. ఈ సంకల్పమందలి సూక్ష్మమును పాఠకులు గమనింతురు గాక: వెల పలికినది బోళ్ళకును, వెల పలుకనిది పుణ్యమునకును పోవుట మా గృహమందే గాక ఇరుగుపొరుగులందును చిరకాలముగా వచ్చుచున్న ఆచారము.

నా ధర్మచింతకు ఆజ్యము పోసినవాడు డాలసు నుండి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు. జనులు దానముగా నిచ్చిన పాత వస్తువులను అమ్మి, ఆ సొమ్ముతో పని లేనివారికి పని నేర్పు దుకాణములు ఆ దేశమున మెండు. వానిలో పెద్దదైన గుడ్‌విల్ అనుదానిని 1902లో బోస్టను నగరమున ఎడ్గర్ హెల్మ్స్ అను మెథడిస్టు బోధకుడు ఆరంభించెను. కలవారి యిండ్ల నుండి చినిగినవి, విరిగినవి సంచుల కెత్తి తెచ్చి, లేనివారిచేత కుట్టించి, అతికించి, వారికి కూలి యిచ్చి, ఆ వస్తువులను చౌకగా అమ్మించుట యాతని పద్ధతి. ఇంగ్లండులో ఆక్స్‌ఫామ్ అను సంస్థ, 1942లో గ్రీసు దేశపు క్షామబాధితుల నిమిత్తము పుట్టి, ఆ దశకము ముగియక ముందే ఆక్స్‌ఫర్డు నగరపు బ్రాడ్ వీధిలో నిట్టి దుకాణము నొకదానిని తెరచెను. దానిని నడపిన జో మిట్టీ యనునతడు దానముగా వచ్చిన దేనినైనను కాదనక, బ్రతికియున్న గాడిదను సైతము అమ్మిపెట్టెనని ప్రతీతి. మన వైపున గాడిదను దానమిచ్చు వెఱ్ఱివాడు దొరకడు; ఎన్నికల నాటికి పనికివచ్చునని దాచుకొనును.

“మామా, ఈ కోటు గూడ గుడ్‌విల్లనే కొన్న, ఏడు డాలర్లే,” అని మేనల్లుడు సగర్వముగా చేతులు చాచి చూపుచుండగా, లోపల పిండి కలుపుచున్న మా అక్క ఆ చేతులతోనే పరుగున వచ్చి, “మెల్లగ మాట్లాడు బిడ్డా, ఎవలో ఇడిసిన కోటు తొడుగుతున్నవని మీ అత్తగారోళ్లకు తెలిస్తే ఏమన్న ఉన్నదా,” అని వాని నోటికి అడ్డము పెట్టెను. ఏడు సముద్రములు దాటి వచ్చిన కోటు మా వంటింటి గడప దాటలేకపోయినది.

అయినను నిరుత్సాహపడక, బస్టాండు ఎదుటి హోటలులో నలుగురు పెద్దమనుషులను కూర్చి, మన యూరిలో నొక ధర్మ దుకాణము తెరచినచో నెట్లుండునని ప్రస్తావించితిని. 44వ, 63వ జాతీయ రహదారులు కలియు కూడలి యిది. నవనాథ సిద్ధుల గుట్ట క్రింది పుణ్యస్థలము. ఆరును మూడును కలిసిన ఆ తొమ్మండుగురి పేరుననే యీ యూరికి పేరు వచ్చెనని పెద్దలు చెప్పుదురు. సర్వమును విడిచినవారి నీడలో నివసించు మనకు ఒక పాత చొక్కా విడుచుట యెంత పని యని నా వాదము. నలుగురును ఏకగ్రీవముగా సమ్మతించిరి. ఎరువుల దుకాణదారు, పురుగుమందుల కంపెనీలు ఏటేట పంచిన గోడగడియారములు పదునేడు ఇత్తుననెను. పదవీవిరమణ పొందిన పంతులుగారు, సిలబసు మారకముందటి గైడ్లు రెండు మూటలు సమర్పింతుననిరి. గల్ఫు నుండి తిరిగి వచ్చిన మిత్రుడు, ప్రతి సెలవునకు తెచ్చి చుట్టములకు పంచగా మిగిలిన పెద్దపులి బొమ్మ కంబళ్ళను ప్రకటించెను. నాలుగవ వారు ఏమి యిత్తురో యింకను నిశ్చయింపలేదు గాని, ప్రారంభోత్సవపు ఫ్లెక్సీలో తమ ఫొటో ఏ మూల నుండునో యడిగిరి. కొనువారెవరని నేను ప్రశ్నించునంతవరకు ఆ సభ పరమోత్సాహముతో సాగినది.

“ఎవలో గరీబోళ్లు కొంటరు తియ్యి సార్,” అని గడియారముల దాత సెలవిచ్చెను.

“మరి మీరు?” అంటిని. ఆయన జేబులోని ఫోను తీసి, మ్రోగకున్నను, “హలో” అనెను.

బ్రాడ్ వీధి దుకాణమున తన టోపీ నిచ్చిన దొరసాని, అదే బల్ల మీదనున్న పరుల పుస్తకమును బేరమాడి కొనుక్కొని పోవచ్చును. అచ్చట ఇచ్చు చేతికిని పుచ్చుకొను చేతికిని నడుమ నున్నది ఒక బల్ల. మనకు నడుమ నున్నది గడప. దొర విడిచిన ధోవతిని పండుగనాడు జీతగాడు గడప అవతల నిలిచి, వంగి, దోసిట పట్టుకొన్న కాలము మరీ దూరపుది కాదు. ఆ ధోవతి అతని కూలిలో కొంత కోతకు బదులుగా వచ్చినదని ఇద్దరికిని తెలియును, ఇద్దరును దానిని దానమనిరి. అట్టి గడపను ఇప్పుడు పీకి బల్లగా చెక్కుటకు ఏ వడ్రంగి యొప్పుకొనును?

పేదవాడు పుచ్చుకొని తీరునను ధీమా మాత్రము దాతలకు తరుగదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ పిమ్మట నాగపట్టణపు తీరమునకు దేశము నలుమూలల నుండి లారీల కొలది పాత బట్టలు చేరగా, ఇల్లు, పడవ, ఆలుబిడ్డలను పోగొట్టుకొన్న బెస్తవారు వానిని ముట్టక పోయిరి. అవి దారుల పొడవునను గుట్టలుగా పడియుండెను. సర్వము పోయినను, ఒరులు విడిచినదానిని కట్టుకొనవలసిన యగత్యము మాత్రము తమకు రాలేదని వారు మౌనముగా తెలిపిన తీరది. ఆ గుట్టలను ఎత్తి వేరుచేసి, పనికి వచ్చునట్లు చేసినవారిలో గూంజ్ సంస్థ ఒకటి. అంశు గుప్తా యనునతడు 1999లో తన యింటి బీరువాలోని 67 వస్త్రములతో దానిని ఆరంభించి, 2015లో రామన్ మెగసెసే పురస్కారము నందెను. ఊరివారు తమ బావినో, బాటనో తామే బాగుచేసికొనగా, ఆ కష్టమునకు ప్రతిఫలముగా బట్టల నిచ్చుట యాతడు కనుగొన్న ఉపాయము. అనగా గడపను తప్పించుకొని దొడ్డిదారిన పోయెను. తెలివిగలవాడు.

2023 మే మాసమున ‘మేరీ లైఫ్, మేరా స్వచ్ఛ్ షహర్’ అను పేర పట్టణములన్నిట పాత వస్తువుల సేకరణ కేంద్రములు తెరువవలెనని కేంద్ర ప్రభుత్వము పూనుకొనెను. అట్టి కేంద్రమొకదానికి, ఏ యూరిదో చెప్పను, నా తిరస్కృత పాంటును గొనిపోతిని. అచ్చట టీవీ లేని రిమోటులు, జోడు లేని చెప్పులు, చేతి పిడి లేని మిక్సీ గిన్నెలు కొలువు దీరియున్నవి. కుర్చీలోని కుర్రవాడు పాంటు నందుకొని, జిప్పును రెండు మారులు లాగి, నా ముఖము చూచెను. నేను దానిని మడిచి మరల సంచిలో పెట్టుకొంటిని.

దానము తిరిగి దాత యింటికే చేరుట నాకు మాత్రమే పట్టిన దుర్గతి యనుకొనరాదు. చలిదేశముల దయామయులు విడిచిన ఉన్నికోట్లు, మరల ఎవరును తొడుగకుండ కత్తిగాట్లు పెట్టబడి, ఓడలెక్కి మన రేవులకు వచ్చి, పానిపట్టునందు రంగుల వారీగా చీల్చబడి, దారమై, కంబళియై, భూకంపమో వరదయో వచ్చినచోట సహాయ సంస్థల చేతుల మీదుగా పంచబడును. ఒక కరుణ నుండి ఇంకొక కరుణకు నడుమ, గిట్టుబాటు కానిదే ఒక్క పోగును ముట్టని వర్తకులు ఎందరో యుందురు. వారిని తప్పు పట్టను. ఆ కోటును తిరగవేసి చూచినవారు వారే.

ఇక మన సొంత పానిపట్టును గూర్చి చెప్పవలెను. ఒడిబియ్యముతో పాటు ఆడుబిడ్డకు పెట్టు కనుము, అనగా రవికె గుడ్డ, ఎన్నడును కుట్టబడని పవిత్ర వస్త్రము. మా శ్రీమతి నాలుగేండ్ల క్రిందట నొక కనుమును బాల్కొండలో నొక శుభకార్యమున నిచ్చినది. దాని మూల చిటికెన వేలి గోరంత పసుపు మరక యుండెను. అది నిర్మలు పోయినదో, మెట్‌పల్లి మీదుగా కోరుట్ల పోయినదో, ఎన్ని యొడులు నింపినదో యెవరెరుగుదురు? మొన్న ఉగాదికి మరకతో సహా మా యింటికే మరలి వచ్చినది. దానిని విప్పి చూచి మా శ్రీమతి కోపించలేదు, నవ్వలేదు; మరక లోపలికి వచ్చునట్లు మరల మడిచి అరలో పెట్టెను. ఆషాఢమున ఇంకొక యొడి యున్నదట.

నన్ను నేను మినహాయించుకొనను. హైదరాబాదులో చదువుకొను దినములలో, పురానాపూల్ చెంత గురువారము గురువారము సాగు జుమ్మేరాత్ బజారున ఒక నల్లని కోటు కొని, ఆబిడ్సులో కొలత లిచ్చి కుట్టించితినని ఊరంతటను చెప్పుకొంటిని. దాని లోపలి జేబు మీద ఎవరివో రెండు పొడి అక్షరములు దారముతో కుట్టియుండెను. పెండ్లిచూపులలో గాలి యాడకున్నను ఆ కోటు విప్పలేదు.

ఇప్పుడు ఆర్మూరు చుట్టుపట్ల మక్క చేల గట్ల మీదుగా పోయినచో అడవిపందులను బెదరించుటకు చుట్టును కట్టిన పాత చీరలు బారులు బారులుగా కానవచ్చును. నీలము, గులాబి, నెమలికంఠము. ఎవరు కట్టి విడిచినదని విచారింపని ప్రాణి ఆ పంది యొక్కటే. అదియు జడిసి తొలగిపోవును.

కిందటి వారము బోళ్ళామె మరల వచ్చినది. ఈ మారు ఆమె మూటలో, మీది స్వెట్టర్ల క్రింద, మామిడి చిగురు వన్నె పట్టుచీర యొకటి జరీ చెక్కు చెదరక మెరయుచుండెను. మా శ్రీమతి దానిని చూచెను. వీధి కుడి వైపు చూచెను. ఎడమ వైపు చూచెను. లేచి గేటు వేసి వచ్చెను. నాలుగు వందల బేరము రెండు వందల యేబదికి, ఎన్నడును లేనంత తగ్గు స్వరమున, తెగినది.

“ఎవలదమ్మా ఇది?” అని మా శ్రీమతి చివరకు అడుగనే యడిగెను.

“గది అడుగద్దు అక్కా,” అనెను బోళ్ళామె, మూట ముడి వేసికొనుచు. “మీ సార్ పాంట్లు కొన్నోళ్లు గూడ అడగలే.”

ఆమె సందు తిరిగినంతనే మా శ్రీమతి లోపలికి పోయి, ఆ చీర కొంగు మూలకు చిటికెడు పసుపు రాచి, కొత్తబట్టలుంచు నడిమి అరలో పెట్టి బీరువా తాళము వేసెను.